‘ఈవేళ బోటు కదలదు’ అని ఎవరు చెప్పాలి? పాపికొండల విహారంలో ఒక సీజన్ కేస్ స్టడీ

మెట్టు మీద సుద్ద గీత కనిపించలేదు. ముందురోజు సాయంత్రం నీళ్లు తాకుతున్న చోట బోటు నడిపే సరంగు చేత నేనే గీయించాను. తెల్లారి ఆరున్నరకి వచ్చి చూస్తే ఆ మెట్టు నీళ్లలో ఉంది, పై మెట్టు సగం తడిసింది. గండిపోచమ్మ గుడి దగ్గర పాపికొండల బోట్లు బయల్దేరే రేవు అది. అప్పటికే మూడు బస్సులు దిగాయి. అందులో ఒకటి హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది. పిల్లలు మెట్ల మీద కూర్చుని ఇడ్లీ పొట్లాలు విప్పుతున్నారు. ఒక పెద్దావిడ గోదారమ్మకి పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంటోంది.

సరంగు నీళ్లకేసి చెయ్యి చూపించాడు. ఎండుటాకులు, వెదురు ముక్కలు, అక్కడక్కడా నురగ, అన్నీ నది మధ్యలో బారుగా దిగుతున్నాయి.

“చెత్త దిగుతోందండి. పైన ఎక్కడో గట్టిగా కురిసింది. ఇది ఇంకా పెరిగే నీరే.”

“వెళ్లొచ్చా?”

“వెళ్లొచ్చండి. కొండల దగ్గర తిరిగేటప్పుడే ఆలోచించాలి,” అన్నాడు. ఆగి, “తమరే చెప్పండి బాబూ, నేను చెబితే మా ఆఫీసోళ్లు ఊరుకోరు,” అన్నాడు.

ఆ రెండో మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. నది గురించి అక్కడున్న అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆయన. వద్దు అనే అధికారం మాత్రం ఆయనకి లేదు. ఆ అధికారం ఎక్కడో ఏసీ గదిలో టికెట్ల లెక్క చూసుకునే మనిషి దగ్గర ఉంది.

నేను నీటి విహారాల భద్రత మీద పనిచేస్తాను. బోటు సిబ్బందికి శిక్షణ ఇస్తాను, రేవులో పని ఏ వరసలో జరగాలో రాసిపెడతాను. పాపికొండల టూర్లు మళ్లీ మొదలయ్యాక ఒక ప్రైవేటు ఆపరేటర్ తన రెండు బోట్ల కోసం ఒక సీజన్ పాటు నన్ను పెట్టుకున్నారు. వాళ్లెవరో ఇక్కడ అనవసరం. మంచి చేశారు, తప్పులూ చేశారు. నేనూ చేశాను.

2019 నీడ

కచ్చులూరు పేరు ఎత్తకుండా ఈ లోయలో ఏ పనీ మొదలుకాదు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గండిపోచమ్మ నుంచి పాపికొండలకి బయల్దేరిన ప్రైవేటు టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర బోల్తాపడింది. 70 మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మంది. వాళ్లని కాపాడింది ముందుగా ఒడ్డున ఉన్న ఊళ్ల జనమే. కేకలు విని చిన్న పడవలేసుకుని వెళ్లారు. మునిగిన బోటు అంత లోతులోంచి అక్టోబర్ 22న గానీ బయటికి రాలేదు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో వారాల తరబడి కష్టపడి లాగింది.

అప్పటికి అదొక్కటే కాదు. 2017 నవంబర్ 12న కృష్ణలో, పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తాపడింది. 2018 మేలో ఇదే గోదావరి మీద వారం తిరక్కుండా రెండు ప్రమాదాలు జరిగాయి. ఒకదాంట్లో దేవీపట్నం దగ్గర టూరిస్టు బోటుకి నిప్పంటుకుంది, అందరూ బయటపడ్డారు. తర్వాతది మంటూరు దగ్గర ఈదురుగాలికి మునిగిన లాంచీ, అందులో ఉన్నది ఊళ్లకి వెళ్లే గిరిజనులే. నాలుగింటికీ కారణాలు నాలుగు. అందుకే ‘లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలు’ అనే మాట వింటే నాకు చిరాకు.

2019 ఘటనలో నన్ను ఎక్కువగా వెంటాడింది రెండు లెక్కలు. మొదటిది, బోటులో ఎంతమంది ఉన్నారన్నది రోజులు గడిచినా తేలలేదు. మొదట ఒక అంకె చెప్పారు, తర్వాత అది పెరుగుతూ పోయింది. టికెట్ లేని చంటిపిల్లలు, వంటవాళ్లు, సిబ్బంది ఏ కాగితం మీదా సరిగ్గా లేకపోతే అలాగే అవుతుంది. లెక్క తెలియకపోతే ఇంకా ఎంతమంది కోసం వెతకాలో కూడా తెలియదు.

రెండోది నీళ్ల లెక్క. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకి చేరినప్పుడు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పారుతున్నప్పుడు. 2019లో ఆ రోజు నదిలో ఉన్నది 5 లక్షల పైచిలుకు అని వార్తలొచ్చాయి. అంటే పత్రికల భాషలో అది వరద హెచ్చరికే లేని రోజు! నేను శిక్షణకి వెళ్లిన ప్రతిచోటా ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడను. ఆ హెచ్చరికలు లంకల్లో, గట్ల వెంట ఉండేవాళ్ల కోసం పెట్టినవి. నీళ్లు ఇంట్లోకి వస్తాయా రావా అన్నదే వాటికి ముఖ్యం. కొండల సందులో బోటు నిలబడుతుందా లేదా అన్నది వాటి పని కాదు.

సందులో నది

రాజమండ్రి దగ్గర గోదావరి కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది. అదే నీరు పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్ల సందులోంచి రావాలి. వెడల్పు తగ్గినప్పుడు నీటికి రెండే దారులు, లోతుకి పోవడం, వడి పెంచుకోవడం. ఇక్కడ రెండూ చేస్తుంది. పైనుంచి చూస్తే నది నిద్రపోతున్నట్టు ఉంటుంది. అడుగున రాతి గోడలకి కొట్టుకుని తిరగబడే నీరు మలుపుల దగ్గర పైకి ఉబికి సుడి కడుతుంది. సరంగులు దాన్ని కంటితో చూడరు, చుక్కాని పట్టుకున్న చేతికి తెలుస్తుంది అంటారు. ‘చక్రం మెత్తబడింది’ అన్నాడంటే బోటు మాట వినట్లేదని అర్థం.

బోటు ముక్కు ప్రవాహానికి ఎదురుగా ఉన్నంతసేపూ పెద్ద భయం లేదు. అడ్డం తిరిగిందంటే పక్క అంతా నీటికి అప్పగించినట్టే. దానికి తోడు మన టూరిస్టు బోట్ల తీరు చూడండి. కింద ఏసీ హాలు, పైన డెక్, డెక్ మీద కుర్చీలు, స్పీకర్లు, డాన్సు ప్రోగ్రాం. బరువంతా పైన. కింది హాలుకి అద్దాలు బిగించి ఉంటాయి. అలాంటి గదిలో జాకెట్ వేసుకుని కూర్చున్న మనిషి బోటు తిరగబడితే పైకి తేలుతాడు, నిజమే, కానీ తేలేది గది కప్పు దాకానే. ఆపరేటర్‌తో నా మొదటి గొడవ దీని మీదే. ఏసీ హాలు టికెట్ ధర ఎక్కువ మరి. చివరికి కిటికీలు జారే అద్దాలుగా మార్చి, కొండలు మొదలయ్యే ముందు అన్నీ తీసి ఉంచాలన్న షరతుకి ఒప్పుకున్నారు. కరెంటు వృథా అని నెల రోజులు సణిగారు.

2019 తర్వాత ప్రభుత్వం టూరిస్టు బోట్ల మీద నిఘాకి 9 చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. వాటిలో గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, సింగనపల్లి ఈ దారి మీదివే. దేశం మొత్తానికి 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, సిబ్బంది సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ లేకుండా ఇప్పుడు బోటు కదలకూడదు. కాగితం వరకూ పరిస్థితి చాలా మెరుగు. ఒక మాట మాత్రం ప్రతి ఆపరేటర్‌కీ చెబుతుంటాను, అనుమతి అంటే ‘వెళ్లండి’ అని కాదు, ‘వెళ్తే మాకు అభ్యంతరం లేదు’ అని.

గీత, గేజీ, జీతం

నీటి కబురు ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది మొదటి పని. ఆపరేటర్ ఆఫీసులో అందరూ ఫోన్లలో చూసేది భద్రాచలం నీటిమట్టం. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. గోదావరి జిల్లాల్లో స్కూలు పిల్లలకి కూడా ఈ అంకెలు నోటికొచ్చు. కానీ పాపికొండలు భద్రాచలానికి దిగువన ఉన్నాయి, మధ్యలో కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. సీలేరు నీళ్లు కూడా శబరిలోంచే వస్తాయి. శబరి పొంగిన రోజున భద్రాచలం గేజీ ప్రశాంతంగా ఉండొచ్చు, మనం మాత్రం కొండల మధ్య కొత్త నీటితో కుస్తీ పడుతుంటాం. సుద్ద గీత మునిగిన ఆ ఉదయం జరిగింది సరిగ్గా ఇదే. భద్రాచలంలో పెరుగుదల పేరుకే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో శబరి ఒడ్డునున్న కుంట, ఆ తర్వాత కూనవరం అంకెలు తీస్తే అప్పుడు తెలిసింది రాత్రి ఏం జరిగిందో.

అప్పటినుంచి నాలుగు చోట్ల అంకెలు రాసే పలక ఒకటి రేవులో పెట్టాం. భద్రాచలం, కుంట, కూనవరం, దానికి దిగువన గోదావరి మీదున్న కోయిదా. రాత్రి తొమ్మిదికోసారి, తెల్లవారుజామున అయిదుకోసారి. అంకె ఎంత అన్నదానికంటే రెండింటి మధ్య ఎంత పెరిగిందన్నది చూడమన్నాను. నిలకడగా ఉన్న పెద్ద నీటికంటే పెరుగుతున్న చిన్న నీరు టెన్షన్ పెడుతుంది. నీరు పెరిగేటప్పుడు చెట్లు, దుంగలు కొట్టుకొస్తాయి, సుడులు చోటు మార్చుకుంటాయి, సరంగుకి నిన్నటి జ్ఞాపకం ఇవాళ పనికిరాదు. పలకతో పాటు సుద్ద గీత కూడా ఉంచాం. గేజీ అబద్ధం చెప్పకపోవచ్చు గానీ ఫోను సిగ్నల్ లేని రోజులుంటాయి. ఏజెన్సీలో ఇది మామూలే.

వేసవిలో నీటిమట్టంతో పనిలేని ప్రమాదం ఇంకొకటి ఉంది, గాలి. మంటూరు లాంచీని ముంచింది అదే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు పట్టిందంటే పావుగంటలో ఈదురుగాలి వస్తుంది. దీనికి పలక పనిచేయదు. అందుకే వేసవిలో మధ్యాహ్నం మూడుకల్లా తిరిగి వెడల్పు నదిలోకి వచ్చేయాలని, మబ్బు కనిపిస్తే దగ్గరి ఇసుక ఒడ్డుకి చేర్చి ముక్కు గుచ్చి ఆగిపోవాలని రాశాం. టూరు ఆలస్యమైనా పర్లేదు.

ఇక అసలు పని, అధికారం మార్చడం. ఇది నేను అనుకున్నదానికంటే కష్టమైంది. ఎందుకంటే ఇందులో ఉన్నది నది కాదు, డబ్బు. ఆ బోట్ల మీద సరంగుకి, ఆయన కింద పనిచేసే కళాసులకి ట్రిప్పు లెక్కన ఇస్తున్నారు. బోటు కదలకపోతే ఆరోజు కూలి లేదు. అలాంటి మనిషి దగ్గరికెళ్లి ‘ప్రమాదం అనిపిస్తే ఆపెయ్యి’ అంటే ఆయన పిల్లల అన్నం తీసేసి మన మనసు తేలిక చేసుకోమన్నట్టే. నేను పెట్టిన షరతు ఒక్కటే: సీజన్ అంతా నెల జీతం, ట్రిప్పు ఉన్నా లేకున్నా. ట్రిప్పుకి భోజనం బత్తా మాత్రం వేరే. ఆపరేటర్ మూడు వారాలు నానబెట్టారు. ‘జీతం ఇస్తే పని చేయరండీ, రోజూ నీళ్లు బాలేవనే అంటారు’ అని ఒక మాట. సీజన్ మొత్తం మీద మా సరంగులు వద్దన్న రోజులు ఒక చేతి వేళ్లకి సరిపోయాయి.

రెండో షరతు, ఆఫీసు నుంచి సరంగుకి ఫోన్ చేయకూడదు. ఆఫీసు రేవు మేనేజర్‌కి చెయ్యాలి, ఆయన వచ్చి సరంగుతో ముఖాముఖి మాట్లాడాలి. వినడానికి ఇది చిన్న విషయం. కానీ నీళ్లు చూస్తూ ‘వెళ్లిపోండి’ అనడం, నీళ్లు కనిపించని చోట కూర్చుని అనడం ఒకటి కాదు. సరంగు, రేవు మేనేజర్ ఇద్దరూ సరే అంటేనే బోటు కదులుతుంది. ఒక్కరు కాదన్నా ఆగుతుంది, కారణం చెప్పనక్కర్లేదు.

మూడోది రద్దయిన రోజున జనాన్ని ఏం చెయ్యాలన్నది. రేవులో గొడవంతా దీనివల్లే. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబాన్ని ‘డబ్బులు వాపస్, ఇంటికెళ్లండి’ అంటే తిట్టరా మరి? మొదటిసారి రద్దు చేసిన రోజున, అంటే సుద్ద గీత మునిగిన ఆ ఉదయం, మా దగ్గర వాపస్ తప్ప ఇంకేం లేదు. ఆ బస్సులోంచి దిగిన ఒకాయన నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. “పక్క బోటు వెళ్తే నీ సంగతి చెప్తా” అన్నాడు. మేం ఫోన్ చేసి కూనవరం లెక్క చెప్పాక కంట్రోల్ రూమ్ వాళ్లూ చూసుకుని ఆ రోజుకి అన్ని బోట్లూ ఆపమన్నారు, దాంతో ఆయన చల్లబడ్డాడు. కానీ రోజూ అలా కలిసిరాదు.

అందుకని రెండో ప్రోగ్రాం తయారుచేశాం. ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం, కడియం నర్సరీలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో హారతి. బోటు ఖర్చు పోను మిగతా డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టేస్తాం. తమాషా ఏంటంటే, ఏ నీటి వల్ల టూరు రద్దయిందో ఆ నీటినే ధవళేశ్వరంలో గేట్లలోంచి దూకుతుంటే చూసి జనం సెల్ఫీలు తీసుకున్నారు. ఒడ్డు మీద నుంచి పొంగు చూస్తే ‘అమ్మో, ఇందులోకా మనం వెళ్లబోయింది’ అని వాళ్లే అనుకున్నారు. మేం రేవులో ఎంత చెప్పినా ఎక్కని మాట బ్యారేజీ మీద తనంతట తనే ఎక్కింది.

మైకు చేసే పని

ఇది నేను ముందు ఊహించని విషయం. మొదటి వారంలో పై డెక్ మీద నిలబడి, కొండలు దగ్గరపడుతుంటే గైడు మైకులో చెప్పేది విన్నాను. “అందరూ ఎడం పక్కకి చూడండి! అదిగో, పాపిడి తీసినట్టు రెండు కొండలూ విడిపోతున్నాయి. పాపిడి కొండలే పాపికొండలయ్యాయి!” మాట పూర్తయ్యేలోపు కుడి పక్క కుర్చీలన్నీ ఖాళీ. పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, ఫోన్లు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు, అందరూ ఎడం రెయిలింగ్ మీద. డెక్ ఒక పక్కకి ఒరగడం నా అరికాళ్లకి తెలిసింది. సరంగు కింద చక్రం సర్దుకుంటున్నాడు. సరిగ్గా అక్కడే నది ఇరుకు, అక్కడే వడి, అక్కడే మలుపు. అందమైన చోటూ ప్రమాదమైన చోటూ ఒకటే. కొండలు దగ్గరికొస్తేనే కదా రెండూ!

గైడుని తప్పుపట్టలేం, అతని పనే అది. రెయిలింగ్ దగ్గర తాడు కడదామన్నారు ఎవరో. నేను వద్దన్నాను, తాడు దాటి వంగుతారు. చివరికి చాలా సులువైన దారి దొరికింది. వెళ్లేటప్పుడు ఎడం పక్క ఉన్న కొండ తిరిగొచ్చేటప్పుడు కుడి పక్కకి వస్తుంది. గైడు ఇప్పుడు ఇలా చెబుతాడు: “ఎడం పక్క కూర్చున్నవాళ్లు మీ కుర్చీ దగ్గరే లేచి ఫోటో తీసుకోండి. కుడి పక్కవాళ్లు తొందరపడకండి, వచ్చేటప్పుడు ఇదే కొండ మీ పక్కకి వస్తుంది, అప్పుడు ఎండ కూడా వెనకనుంచి ఉంటుంది, ఫోటో ఇంకా బాగా వస్తుంది.” ఎండ మాట గైడే కలిపాడు. అన్ని రోజులూ అది నిజం కాదు గానీ జనం కూర్చుంటున్నారు.

డాన్సు ప్రోగ్రాంని కొండలకి ముందే, వెడల్పు నదిలో ముగించేశాం. కొండల మధ్య మైకు తప్ప పాట లేదు. దీనికి ఫిర్యాదులు వస్తాయని ఆఫీసు భయపడింది. అక్కడ పక్షుల చప్పుడు వినిపిస్తోందని ఒకరిద్దరు పుస్తకంలో రాసి వెళ్లారు. 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించిన అడవి ఇది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాట. దాని మధ్యలోంచి స్పీకర్ పెట్టుకుని వెళ్లడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. భద్రత పేరు చెప్పి నా ఇష్టం కూడా కొంచెం నెరవేర్చుకున్నానని ఒప్పుకుంటాను.

జాకెట్ సంగతి. ఇవ్వడం వేరు, వేయడం వేరు. రేవులో అందరూ వేసుకుంటారు, ఫోటో దిగుతారు, పావుగంటకి విప్పి కుర్చీకి తగిలిస్తారు. భోజనాల వేళకి సగం మంది ఒంటి మీద ఉండవు. మా కళాసులకి నేర్పింది ఒక్క పని: ఎక్కేటప్పుడు ప్రతి మనిషి జాకెట్‌నీ భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగడం. అది చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు, నీళ్లలో పడితే మనిషి కిందికి, జాకెట్ పైకి. మళ్లీ బిగించి పంపాలి. ఆడవాళ్ల విషయంలో మగ కళాసి చెయ్యి వేయలేడు కదా, అక్కడ పని ఆగింది. దేవీపట్నం వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకున్నాం. రెండో రోజుకే ఆ అమ్మాయి మగ కళాసులకంటే గట్టిగా బిగించడం మొదలుపెట్టింది. “అక్కా, ఊపిరాడట్లేదు” అంటే, “మాట్లాడుతున్నారుగా, ఆడుతోంది” అనేది.

పిల్లల సైజులు మొదట చాలినన్ని లేవు. పెద్దవాళ్ల జాకెట్ వేసిన నాలుగేళ్ల పిల్ల నీళ్లలో అందులోంచి జారిపోతుంది, వేయనట్టే లెక్క. సైజు జాకెట్ లేని పిల్ల ఉంటే ఆ కుటుంబం ఎక్కకూడదని రాశాం. ఇలా రెండు కుటుంబాల్ని ఆపాక ఆపరేటర్ వారంలో కొత్తవి తెప్పించారు.

పేర్ల జాబితాలో చంటిపిల్లలు, వంటవాళ్లు, డాన్సర్లు, సరంగుతో సహా అందరూ ఉంటారు. ఒక ప్రతి రేవులోనే వదిలి వెళ్లాలి. పేరంటాలపల్లిలో తిరిగి ఎక్కేటప్పుడు మళ్లీ తలలు లెక్కపెడతాం.

నేను చేసిన తప్పు

పేరంటాలపల్లిలో బాలానంద స్వామి ఏర్పరిచిన రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం ఉంది, శివాలయం, పక్కనే కొండ మీంచి జారే సెలయేరు. మెట్ల వెంట కొండరెడ్డి గిరిజనులు వెదురుతో చేసిన పూలు, పెన్ స్టాండ్లు, బుట్టలు పెట్టుకుని కూర్చుంటారు. బోటు ఆగేది గంటలోపే. వాళ్ల బేరమంతా ఆ గంటలోనే.

తిరుగు ప్రయాణం తొందరగా పూర్తవ్వాలని నేను టైమ్ టేబుల్ రాసినప్పుడు అక్కడ ఆగే సమయాన్ని సగం చేశాను. కాగితం మీద బాగుంది. మూడో వారం వెళ్తే వెదురు పూలమ్మే ఒకావిడ నన్ను ఆపి, “మీరేనా టైము తగ్గించిన సారు? గుడికెళ్లి పరిగెత్తుకుంటూ పోతన్నారు, ఆగి చూసేవాళ్లే లేరు,” అంది. నేను నది గురించి, గాలి గురించి, 2019 గురించి ఆలోచించాను. ఈ లోయలో బతికేవాళ్లకి టూరిజం వల్ల దక్కే నాలుగు రూపాయల గురించి ఆలోచించలేదు. పొద్దున బయల్దేరే సమయాన్ని ముందుకి జరిపి, భోజనం బోటులోనే ముందుగా పెట్టేసి, ఆ సగం వెనక్కిచ్చాం. దానికి రాజమండ్రిలో బస్సు తెల్లవారుజామునే కదలాలి. ప్రయాణికులు సణిగారు, సణగనిచ్చాం.

ఇదే చోట ప్లాస్టిక్ విషయంలో ఏం సాధించలేదు. బోటులో నీళ్ల డ్రమ్ము పెట్టాం, స్టీలు గ్లాసులు పెట్టాం. జనం బాటిళ్లు కొనుక్కునే వచ్చారు, సెలయేటి పక్కన వదిలారు. కళాసులు గోనెసంచిలో ఏరి తెచ్చేవాళ్లు. అది పరిష్కారం కాదు.

మారుతున్న రేవు

ఈ కేసు మరోచోట యథాతథంగా వాడుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇది నిలకడగా ఉన్న నది కాదు. ఒకప్పుడు టూర్లు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల నుంచే బయల్దేరేవి. పోలవరం డ్యామ్ అడ్డం వచ్చాక అటు నుంచి పైకి వెళ్లే దారి లేదు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదికి మళ్లించారు. అప్పటినుంచి వరద వచ్చినప్పుడల్లా నీరు వెనక్కి ఎగదన్ని గండిపోచమ్మ గుడి మునుగుతోంది. ఒకప్పుడు బోటు ఆపి జనం స్నానాలు చేసిన ఇసుక తిప్పలు చాలావరకు లేవు. మా సుద్ద గీతలు పోయిన ఏడాది ఏ మెట్టు మీద ఉన్నాయో అదే మెట్టు మీద ఈ ఏడాది అర్థం వేరు. పోలవరం తొలిదశలో సముద్రమట్టం లెక్కన 41.15 మీటర్లు, పూర్తయితే 45.72 మీటర్ల మట్టానికి నీరు నిలిస్తే ఈ లోయ నదిగా కాక చెరువులా ప్రవర్తిస్తుంది. ఎండాకాలం వడి తగ్గుతుంది, బదులుగా పెద్ద నీటి మీద గాలి లేపే అలలు, నీట మునిగిన చెట్ల మోళ్లు వస్తాయి. మేం రాసిన కాగితాల్లో సగం మళ్లీ రాయాలి.

ఇంకోటి కూడా ఉంది, దీనికి నా దగ్గర జవాబు లేదు. 2019లో 26 మంది ఒడ్డుకి చేరింది ఒడ్డున ఊళ్లు ఉండటం వల్ల. ఇప్పుడు ఆ ఊళ్లలో చాలావాటిని పునరావాస కాలనీలకి తరలించారు. కొన్ని మలుపుల దగ్గర కేక వేస్తే వినే ఇల్లు లేదు. రెండు బోట్లూ ఎప్పుడూ ఒకదానికొకటి కనిపించేంత దూరంలోనే నడవాలని, ఒంటరిగా ఏ బోటూ కొండల్లోకి వెళ్లకూడదని రాశాను. ఒక బోటు రిపేరులో ఉన్న రోజున రెండోదీ ఆగాలి. ఆపరేటర్ ఒప్పుకోలేదు. వేరే కంపెనీ బోటుతో జత కలిపి పంపడానికి మాత్రం సరేనన్నారు. అలా కొన్ని రోజులు జరిగింది, కొన్ని రోజులు జరగలేదు.

సీజన్ చివర సరంగుతో కూర్చుని నా రిపోర్టు చదివి వినిపించాను. అంతా విని, “ఇయ్యన్నీ బానే ఉన్నాయండి, మరి నా తర్వాత ఎవరు?” అన్నాడు. ఆయన ఊరు కూడా ముంపులో పోయింది. కొడుకు కాలనీలో ఆటో నడుపుతున్నాడు, నీళ్ల వైపు రాడు. చుక్కాని ఎలా మెత్తబడుతుందో చేతికి నేర్పాలంటే పక్కన కూర్చుని నాలుగైదు సీజన్లు తిరగాలి. రిపోర్టులో ఇంకో పేరా కలిపాను: నది ఒడ్డున పుట్టిన ఇద్దరు కుర్రాళ్లని కళాసులుగా తీసుకుని ఆయన పక్కన పెట్టాలి, జీతం మొదటి రోజు నుంచీ ఇవ్వాలి.

ఒకర్ని తీసుకున్నారు.